ముక్కూమూతీ కట్టుకున్న చలికాలం

సూరత్ చలి పెద్ద చలేమీ కాదు. వచ్చిందంటే వచ్చింది, పోయిందంటే పోయింది. కానీ పోయేముందు ఓ నెలరోజులు మనిషిని సతాయించి పోతుంది. మాఘమాసం సగం దాటాక పొద్దున్నే పొగమంచు పడుతుంది, దానిలో పాండేసర మిల్లుల పొగ కలుస్తుంది, రెండూ కలిసి మా నవాగామ్ ఇళ్ల మీద మాసిన దుప్పటిలా పడుకుంటాయి. పతంగుల పండుగ అయిపోయి కరెంటు తీగలకు చిరిగిన కాగితాలు మాత్రం వేలాడుతుంటాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, అంతదాకా ఏ పని మీదికీ మనసు పోదు. కరోనా వచ్చిన మరుసటి ఏడు ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక మనిషికి మనసు పూర్తిగా ముడుచుకుపోయింది. ఆ మనిషి మా ఆయన.

మా ఆయన సాంచాలు నడుపుతాడు. సాంచా అంటే మరమగ్గం. మా తెలంగాణ ఊళ్లలోనూ అదే మాట, ఇక్కడి గుజరాతీల నోటా అదే మాట. అందుకేనేమో మావాళ్లు ఈ ఊరికి వచ్చి భాష రాకముందే పని నేర్చేసుకున్నారు. ఆయన పనిచేసే షెడ్డు పాండేసరలో. ఆయన సాంచాలకు ఒక పక్క గోడ, రెండో పక్క ఆయన దోస్తు సాంచాలు. ఈ దోస్తు కూడా మా జిల్లావాడే, ఆయనకన్నా చిన్న, మా ఇంటికి ఎదురు బిల్డింగులోనే ఉంటాడు. ఇద్దరూ పొద్దున సైకిళ్ల మీద కలిసి పోవడం, సాయంత్రం కలిసి రావడం. నేను ఆయనతో గడిపిన గంటలకన్నా ఆ దోస్తు గడిపినవే ఎక్కువ. ఆ లెక్కన అతన్ని నా సవతి అని ఏడిపించేదాన్ని.

లాక్‌డౌన్‌లో అందరితోపాటు మేమూ ఊరికి పోయి, దీపావళి దాటాక తిరిగొచ్చాం. వచ్చిన కొన్నాళ్లకే ఆయనకు జ్వరం పట్టుకుంది. అదే జ్వరం. దేవుడి దయవల్ల ఆస్పత్రి దాకా పోలేదు. గది తలుపు వేసుకుని పడుకుంటే, ఈ దోస్తే రోజూ పాల ప్యాకెట్ తెచ్చి గేటుకు తగిలించి పోయేవాడు. ఆయన లేచి మళ్లీ పనిలోకి పోయాడు. ఇక అంతా సర్దుకుందని నేను అనుకున్నాను.

సర్దుకోలేదు. పనినుంచి వచ్చిన మనిషి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. టిఫిన్ డబ్బా సగం తిని తెచ్చేవాడు. ఏమైందంటే ఏం లేదనేవాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు చెప్పుల్ని విసిరేవాడు, సైకిల్‌ని గోడకు గుద్దేవాడు. నాకసలే ఓపిక తక్కువ. నాలుగు రోజులు చూసి అయిదో రోజు గట్టిగా నిలదీశాను. అప్పుడు చెప్పాడు.

"నాతోని ఎవ్వలు మాట్లాడ్తలేరే. బీమారి వచ్చినోన్ని గద. గాడు గూడ మాట్లాడ్తలేడు."

గాడు అంటే దోస్తు. నేను నమ్మలేదు. గేటుకు పాలు కట్టిపోయిన మనిషి మాట్లాడకపోవడమేమిటి అన్నాను. "పాలు దూరంకెళ్లి కట్టచ్చు. పక్కన నిలవడి మాట్లాడాల్నంటే భయం," అన్నాడు. సైకిల్ మీద పక్కనే వస్తాడట, షెడ్డులో పక్కనే నిలబడతాడట, పొద్దంతా ఒక్క మాట లేదట. జ్వరం ఒక నెలలో పోయింది గానీ ఈ మాట మాత్రం ఆయనలో దిగబడి కూర్చుంది.

మా అమ్మాయి అప్పుడు కాలేజీలో మొదటి ఏడాది, అంటే ఫోన్‌లో మొదటి ఏడాది. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన పిల్ల, మూడు భాషలు కలిపి కిచిడీ చేసి మాట్లాడుతుంది. దానికి ప్రతి రోగానికీ ఫోన్‌లో మందు దొరుకుతుంది.

"అమ్మా, చలికాలం ఎండింగ్‌ల అందరికీ గిట్లనే ఐతదంట. బాపును రోజు తడకాల కూసోపెట్టు. జర నడిపించు. మంచిగ తినిపించు. మూడ్ ఠీక్ ఐతది."

తడకా అంటే గుజరాతీలో ఎండ. ఎండలో కూర్చోవాలని చెప్పడానికి ఫోన్ కావాలా, మా అమ్మమ్మ చెప్పలేదా అని దాన్ని కసిరాను. కసిరి, మరునాటినుంచి అదే చేశాను. ఆపదలో ఉన్నప్పుడు ఎవరి మాటైనా వినాలి.

ఆ వారాల్లో ఆయనకూ దోస్తుకూ రాత్రి పాళీ, పొద్దున తొమ్మిదికల్లా ఆయన ఇంట్లో ఉండేవాడు. కాసేపు కునుకు తీయగానే లేపి డాబా మీదికి తోలేదాన్ని. నా చీరల పని కూడా పైకే మార్చుకున్నాను. చీరలకు లేసు కుట్టడం నా పని. మూటలు తెచ్చి ఇస్తారు, కుట్టి పంపుతాను. ఆయన్ని ఎండకు వీపు పెట్టి కూర్చోబెట్టి, నువ్వుల నూనె వేడిచేసి మోకాళ్లకు రాయమని గిన్నె ముందు పెట్టేదాన్ని. మొదటిరోజు గిన్నెను చూస్తూ కూర్చున్నాడు. రెండోరోజు రాసుకున్నాడు. నాకు ఏదో గెలిచినట్టే అనిపించింది.

ఒకరోజు సర్వపిండి చేశాను. గంజులో పిండి అద్ది, వేలితో గుంటలు పెట్టి, నూనె పోసి, ఎర్రగా కాల్చి, మాడిన అంచు ఆయనకిష్టమని అంచే పెట్టాను. తిన్నాడు. "మంచిగుంది," అన్నాడు కూడా. ఇంకో రోజు మా అమ్మాయి కడోదరా వైపు ఎవరితోనో పోయి హైవే పక్కన పోంక్ తెచ్చింది. పోంక్ అంటే జొన్న పాలకంకుల్ని నిప్పుల మీద కాల్చి రాల్చిన పచ్చి గింజలు; దానిలో సన్న కారప్పూస కలిపి, నిమ్మకాయ పిండుకుని తింటారు. చలికాలం పోయేముందు కొన్నాళ్లే దొరుకుతుంది. సూరత్ వాళ్లు దానికోసం ప్రాణం పెడతారు. గుప్పెడు నోట్లో వేసుకుని మా ఆయన కళ్లు మూసుకున్నాడు. జొన్నచేను గుర్తొచ్చి ఉంటుంది. ఆ ఒక్క నిమిషం ఆయన ముఖం పాత ముఖమే. నేను ఇప్పటికీ పోంక్ అమ్మేవాళ్లను చూస్తే మనసులో దండం పెట్టుకుంటాను, ఆ ఒక్క నిమిషం ఇచ్చినందుకు.

సాయంత్రాలు కాలవగట్టు మీద నడిపించాను. ఆయన ముందు, నేను వెనక. నేను వెనకనుంచి లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పేదాన్ని: పక్కింటి మరాఠీ ఆవిడ కోడలు సంగతి, కూరగాయల బండి వాడి పెళ్లి సంగతి. ఆయన ఊ కొట్టేవాడు కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు అని విసుక్కునేదాన్ని. ఆ సామెత ఎంత సరిగ్గా అతికిందో అప్పుడు నాకేం తెలుసు.

ఇన్ని చేసినా ఆయన సగమే తేరుకున్నాడు. ఎండలో బాగుండేవాడు, పనికి పోయొస్తే మళ్లీ మొదటికే. ఒకరోజు డాబా మీద కూర్చునే, నా ముఖం చూడకుండా చెప్పేశాడు.

"హోళీ దాటినంక పని ఇడిసిపెడ్త. భీవండి పోదాం. గాడ మనోళ్లు శానమంది ఉన్నరు. సేఠ్‌కు రేపో మాపో చెప్త."

భీవండి ముంబై పక్కన. అక్కడా సాంచాలే, అక్కడా మావాళ్లే. కానీ మా అమ్మాయి చదువు ఇక్కడ, నా చేతిపని ఇక్కడ, మేం ఇన్నేళ్లు బతికిన గల్లీ ఇక్కడ. అన్నిటికన్నా, దోస్తు మీద కోపంతో ఊరు మారిన మనిషి భీవండిలో మాత్రం ఎవరితో మాట్లాడతాడు? అక్కడా గోడవైపే తిరుగుతాడు. నాకు నిజంగా భయం పట్టుకుంది. ఈ మనిషి ఇక ఇలాగే ఉండిపోతాడేమోనని.

ఆ వారంలోనే ఏడాది కారానికి ఎండు మిరపకాయలు కొన్నాను. డాబా మీద చీర పరిచి, వాటిని పోసి, తొడిమలు తీస్తూ కూర్చున్నాను. ఆయన ఎదురుగానే, నాకు రెండు బారల దూరంలో, గోడకు ఆనుకుని ఉన్నాడు. ఘాటుకు తుమ్ములు ఆగక కొంగుతో ముక్కూమూతీ గట్టిగా కట్టుకున్నాను. కట్టుకుని మామూలుగానే మాట్లాడుతున్నాను. చాయ్ తాగుతవా అని అడిగాను. జవాబు లేదు. మిరపకాయలు ఈసారి మంచి రంగున్నయి గదా అన్నాను. లేదు. నా గొంతు చిన్నదేం కాదు. సాంచాల వాళ్ల ఇళ్లలో అందరమూ అరిచే మాట్లాడతాం. ఆయన నావైపే చూస్తున్నాడు. నా కళ్లలోకే చూస్తున్నాడు. నాకు కోపం నెత్తికెక్కి, "ఇగో, నిన్నే! చాయ్ పెట్టన్నా?" అని గట్టిగానే అన్నాను.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వు గూడ మాట్లాడుడు బంద్ జేసినవా?" అన్నాడు.

నా చేతిలో మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. నేను మాట్లాడుతూనే ఉన్నానే! కొంగు కిందికి లాగాను. ఏదో అనుమానం వచ్చి, చప్పుడు లేకుండా పెదవులు మాత్రం ఆడించాను: చాయ్ తాగుతవా?

"ఆఁ, పెట్టు," అన్నాడు వెంటనే.

ఇక్కడ సాంచాల షెడ్డు సంగతి చెప్పాలి. లోపల వందల సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని సాంచాల వాళ్లు గొంతుతో మాట్లాడరు, పెదవులతో మాట్లాడతారు. ఆ చివరన ఉన్నవాడు పెదవులు ఆడిస్తే ఈ చివరన ఉన్నవాడు చదువుతాడు. దానికి తోడు కొన్ని చేతి సైగలు. పెళ్లయిన కొత్తలో నేనూ అదే షెడ్డులో కండెలు చుట్టాను, నాకూ ఆ భాష వచ్చు. మా ఆయన పదిహేనేళ్ల వయసునుంచీ అలాగే మాట్లాడుతున్నాడు. చెవులు ఎప్పుడు పోయాయో ఆయనకే తెలియదు. గిన్నె కింద పడితే వినిపిస్తుంది, బండి హారన్ వినిపిస్తుంది. మాట వినిపించదు. మాట వినిపించకపోయినా పెదవులు కనిపించేవి కాబట్టి విన్నట్టే అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. ఫోన్ మోగితే ఎప్పుడూ నా చేతికిచ్చి "నువ్వే మాట్లాడు" అనేవాడు. మనిషికి బిడియమని సరిపెట్టుకున్నాను. టీవీ గోడలు అదిరేలా పెట్టేవాడు. మా గల్లీలో ఎవరి టీవీ అదరదు గనక?

లోకమంతా మూతికి గుడ్డ కట్టుకుంది. ఆయనకు లోకమంతా మాట్లాడడం మానేసింది.

ఆ మధ్యాహ్నం నేను ఏడ్చాను. చాలా ఏడ్చాను. ఘాటుకనుకున్నాడు. కానీ ఆ మిరపకాయలకు నేను పుట్టెడు రుణపడి ఉన్నాను. ఆ ఏడు అవి అంత ఘాటుగా లేకపోతే మేం భీవండిలో ఉండేవాళ్లం, ఆయన ఇంకా గోడవైపు తిరిగే ఉండేవాడు.

ఆయనకు చెబితే ఒప్పుకోలేదు. "నన్ను చెవిటోన్ని జేస్తవా? గిన్నె గొట్టు, ఇనవడకపోతే అడుగు," అని నా మీదే లేచాడు. గిన్నె కొట్టాను. వినబడింది. ఇక చూసుకోండి, ఆ రోజంతా ఆయనదే పైచేయి. మొగుడితో వాదించి గెలిచినవాళ్లు ఎవరూ లేరు గనక నేను చెప్పులేసుకుని ఎదురు బిల్డింగుకు పోయాను.

దోస్తు గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు, మాస్కు తీయకుండా. ఇంట్లో అతని తల్లి ఉంది, ఎప్పటినుంచో ఉబ్బసం మనిషి. అందుకే షెడ్డులో మిగతావాళ్లు చాయ్ తాగడానికి బయటికి పోయినప్పుడు మాస్కులు గడ్డం కిందికి లాగినా ఇతను మాత్రం లాగడు. నేను అడగకముందే అతనే మొదలుపెట్టాడు.

"వదినె, అన్నకు నా మీద కోపమెందుకొచ్చింది? రోజు పొద్దుగాల సైకిల్ మీద తిన్నవా అన్న అని అడుగుత. ఒక్కనాడు జవాబియ్యడు. బీమారిల ఉన్నప్పుడు లోపటికి రాలేదని గుస్సా అయిండా? అవ్వ ఉంది గద వదినె, ఎట్ల రావాలె?"

ఇద్దరూ ఇద్దరే. ఒకరు అడుగుతూనే ఉన్నారు, ఒకరు ఎదురు చూస్తూనే ఉన్నారు. నేను విషయం చెప్పాను. సాంచాల మీద పనిచేసేవాడికి ఇది అర్థం కావడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. అతని చేయి తెలియకుండానే తన చెవి మీదికి పోయింది.

"గీ మాస్కు దగ్గర్ల తియ్యలేను వదినె. రేపు పొద్దుగాల మీరు మీ డాబా మీదికి ఎక్కుండ్రి. నేను మా డాబా మీదికి ఎక్కుత. సాంచా కాడ ఎట్ల మాట్లాడుతమో గట్లనే మాట్లాడుకుంటం," అన్నాడు.

మరునాడు పొగమంచు తొందరగానే విడింది. నేను ఏమీ చెప్పకుండా ఆయన్ని ఎండలో కూర్చోబెట్టి లేసు కుడుతున్నాను, రెండుసార్లు సూది వేలికి గుచ్చుకుంది. గల్లీకి అవతలి డాబా మీద దోస్తు కనిపించాడు. చేయెత్తి రెండు వేళ్లను కత్తెరలా ఆడించాడు. అది షెడ్డులో సైగ: నీ దారం తెగింది, చూసుకో అని. మా ఆయన చటుక్కున వెనక్కి తిరిగి సాంచా కోసం చూశాడు. వెనక నా ఆరేసిన చీరలున్నాయి. తన వెర్రికి తనకే సిగ్గేసి, మళ్లీ అటు తిరిగి చూశాడు.

దోస్తు మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. కొన్ని నెలల తర్వాత మా ఆయన అతని నోరు చూడడం అదే.

చప్పుడేమీ లేదు. కింద గల్లీలో కూరగాయల బండి వాడి అరుపు తప్ప. అవతల పెదవులు కదిలాయి.

తిన్నవా అన్న?

మా ఆయన లేచి పిట్టగోడ దగ్గరికి పోయాడు. తిన్న, అన్నాడు ఆయన కూడా చప్పుడు లేకుండానే. నువ్వు?

నేను రోజు అడుగుతనే ఉన్న. గుడ్డ ఎన్క అడిగిన. నీకు కనవడలే.

ఆయన పిట్టగోడను రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను వాదించి చెప్పలేనిది అవతలి డాబా మీది పెదవులు ఒక్క మాటలో చెప్పేశాయి. ఆయన భుజాలు అదురుతున్నాయి. తిరిగి ఏమీ అనలేకపోతున్నాడు. అది చూసి అవతల ఆ మనిషి కూడా తట్టుకోలేక, తన అలవాటుకొద్దీ ఎగతాళిలోకి దిగాడు.

ఏందన్న, మాట రాదా?

పెదవుల భాషలో ఒక తిరకాసు ఉంది. ప, బ, మ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. మూడింటికీ పెదవులు మూసి తెరవాల్సిందే. మాట అన్నా పాట అన్నా పైకి ఒకటే. షెడ్డులోనైతే సందర్భాన్ని బట్టి పోల్చుకుంటారు. ఏడుపు నిండిన కళ్లతో మా ఆయన ఏం పోల్చుకుంటాడు? పాట రాదా అన్నాడనుకున్నాడు.

అనుకుని, గొంతు సవరించుకుని, ఎత్తుకున్నాడు.

ఆయన పాడతాడని నాకే తెలియదు. ఇంట్లో ఏనాడూ కూనిరాగం తీసిన మనిషి కాదు. సాంచాల మోతలో మాత్రం ఎవరికీ వినబడదు కదా అని రోజూ పాడుకునేవాడట, తరువాత తెలిసింది. నాట్లేసే ఆడవాళ్లు పాడుకునే పాట అది. దాన్ని ఆయన గొంతు ఎటెటో లాక్కుపోయింది. తన గొంతు తనకు వినబడదు కనుక ఎంత గట్టిగా పాడుతున్నాడో తెలియదు. గల్లీ కిటికీలన్నీ తెరుచుకున్నాయి. కూరగాయల బండి వాడు అరుపు మానేశాడు. మా అమ్మాయి క్లాసు నడుస్తున్న ఫోన్ చేతిలో పట్టుకునే మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. మరాఠీ ఆవిడ "కాయ్ ఝాలా?" అంటూ, ఏమైందోనని వాకిట్లోకి వచ్చింది. మా ఆయన ఎవరినీ చూడలేదు. అవతలి డాబానే చూస్తూ చరణం మొత్తం పూర్తిచేశాడు.

దోస్తు తల పట్టుకుని పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. తల ఎత్తి, ప్రతి అక్షరం తెలిసేలా పెదవులు నిదానంగా విప్పాడు.

గిన్నేండ్ల సంది నీ పాట సూసిన అన్న. ఇయ్యాల మొదటిసారి ఇన్న. సూసినప్పుడే మంచిగుండె.

మా ఆయన నవ్వాడు. పొట్ట పట్టుకుని, పిట్టగోడ మీదికి వంగిపోయి నవ్వాడు. కళ్లు తుడుచుకుంటూ నావైపు తిరిగాడు.

"ఇన్నవానే? నాతోని మాట్లాడిండు," అన్నాడు.

అవతలి డాబా మీదినుంచి అప్పటిదాకా ఒక్క చప్పుడు కూడా రాలేదు.

"ఇన్న," అన్నాను.